గొడవంతా ‘సున్నా అడుగు’ దగ్గరే

అండర్-14 బాలికల బాస్కెట్‌బాల్ మ్యాచ్ ఆఖరి నిమిషంలో పడిన ఒక లే-అప్‌తో (పరుగున వచ్చి బుట్ట దగ్గర వేసే షాట్) హైదరాబాద్ కోర్టుల్లో ట్రావెలింగ్ (బంతి పట్టుకుని ఎక్కువ అడుగులు వేసే తప్పు) గొడవ మళ్లీ రాజుకుంది. ఓడిన జట్టు తల్లిదండ్రులు ఫోనులో తీసిన వీడియోను నిదానంగా నడిపి మరీ చూపిస్తున్నారు. ఎడమ, కుడి, ఎడమ: మూడు అడుగులు. ‘స్టెప్స్’ అని అందరూ కేకలు వేసినా విజిల్ మోగలేదు.

బంతి పట్టుకుని పరుగెత్తకూడదన్న నియమం 1891లో నైస్మిత్ ఈ ఆటను రూపొందించిన నాటి నుంచీ ఉన్నదే. ఇప్పటి తగవుకు మూలం అది కాదు, 2017 అక్టోబర్ 1న అమల్లోకి వచ్చిన ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) సవరణ. అంతకుముందు, పరుగులో బంతి చేజిక్కే సమయానికి నేల మీద ఉన్న పాదమే పివట్ (ఆధార పాదం) అయ్యేది. షాట్ కోసం దాన్ని ఎత్తవచ్చు, కానీ బంతి వదలకుండానే అది మళ్లీ నేలను తాకితే తప్పు. సవరణ తర్వాత ఆ పాదం లెక్కలోకే రాదు. దాని తర్వాత నేలను తాకేది మొదటి అడుగు, ఆపైది రెండోది. లెక్కలోకి రాని ఆ పాదాన్నే కోచ్‌లు, రిఫరీలు జీరో స్టెప్ అంటున్నారు. భారత బాస్కెట్‌బాల్ సమాఖ్య అనుసరించేది ఫిబా నిబంధనలనే.

ఇప్పుడు ఆ వీడియోనే మళ్లీ చూడండి. అమ్మాయి కుడి చేత్తో డ్రిబుల్ చేస్తూ (బంతిని నేలకు కొడుతూ) వస్తోంది. రెండు చేతులూ బంతి మీద పడిన క్షణాన ఎడమ పాదం నేల మీదే ఉంది. అది సున్నా. తర్వాత కుడి ఒకటి, ఎడమ రెండు, గాల్లోకి లేచి షాట్. నిబంధన ప్రకారం ఇందులో తప్పు లేదు. పాదాలను మాత్రమే లెక్కపెట్టేవారికి మూడు కనిపిస్తాయి. అందుకే రిఫరీ ముందు చేతులను చూడాలి, డ్రిబుల్ ఎప్పుడు ముగిసిందో గుర్తించాలి, ఆ తర్వాతే కాళ్ల వంక చూడాలి. పరుగు మీదున్న పిల్లల విషయంలో ఇదంతా రెప్పపాటులో జరిగిపోవాలి. కష్టమైన పనే.

అయితే ఈ వెసులుబాటు కదలికలో ఉన్న ఆటగాళ్లకే. నిలబడి బంతి అందుకున్నవారికి సున్నా అడుగు లేదు. వారు డ్రిబుల్ మొదలుపెట్టాలంటే బంతి చేతిని వదిలాకే పివట్ పాదం లేవాలి. పరుగులో అందుకుని డ్రిబుల్ మొదలుపెట్టేవారైనా రెండో అడుగు పడేలోపే బంతిని వదలాలి. చిన్న పిల్లలు నిజంగా తడబడేది ఇక్కడే, కానీ ప్రేక్షకులు కేకలు వేసేది లే-అప్‌ల మీద.

తల్లిదండ్రుల మాటలో ఒక న్యాయముంది. అదే మ్యాచ్‌లో అలాంటి కదలికకే తమ అమ్మాయి మీద ఇంకో రిఫరీ విజిల్ వేశారని వారు అంటున్నారు. పాత లెక్కతో శిక్షణ పొందిన కళ్లు వెంటనే మారవు. మరో చిక్కు కూడా ఉంది. చిన్న పిల్లల మ్యాచ్‌ల్లో ఆగేటప్పుడు పాదం కాస్త జారినా, దానివల్ల లాభం లేకపోతే కొందరు రిఫరీలు చూసీచూడనట్టు వదిలేస్తారు. ఆ ఉదారత వేరు, సున్నా అడుగు వేరు. మొదటిది రిఫరీ విచక్షణ, రెండోది పిల్లల హక్కు. ఈ తేడాను టోర్నమెంట్‌కు ముందే కోచ్‌లకు, తల్లిదండ్రులకు వివరించి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

పిల్లలు ఈ అడుగులను ఎక్కువగా అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ చూసి నేర్చుకుంటున్నారు. రెండు అడుగులు వేయవచ్చని ఆ లీగ్ 2009లోనే తన నిబంధనల్లో రాసుకుంది. అమెరికా హైస్కూల్ ఆటలో మాత్రం సున్నా అడుగు లేదు. అక్కడ చదివే మేనల్లుడి మ్యాచ్ చూసొచ్చిన మేనమామ ఇక్కడి రిఫరీకి ఆట రాదంటే, ఆయన చూసింది అబద్ధం కాదు. కాకపోతే అది వేరే నిబంధనల పుస్తకం.

రాతపూర్వక ఫిర్యాదు ఇస్తామని ఓడిన జట్టు పెద్దలు అంటున్నారు. ఫిబా నిబంధనల్లో మ్యాచ్‌పై అభ్యంతరానికి అవకాశమున్న కారణాలు కొన్నే: స్కోరు లేదా సమయం లెక్కలో దిద్దని పొరపాటు, ఆటగాళ్ల అర్హత, మ్యాచ్ రద్దు వంటి నిర్ణయాలు. మోగని ట్రావెలింగ్ విజిల్ వాటిలో లేదు.