21 నుంచి 17కు: అడ్వెంచర్ బైకుకు చిన్న చక్రం వచ్చిన దారి

విశాఖపట్నం బీచ్ రోడ్డు మీద ఆదివారం పొద్దున్నే భీమిలి వైపు సాగే బైకుల్లో, చూడగానే ఏదో పొసగనట్టు అనిపించేవి ఒకటి రెండు కనబడుతుంటాయి. ఎత్తయిన హ్యాండిల్ బారు, ముందు చక్రాన్ని పట్టి ఉంచే పొడవాటి ఫోర్కు, కొంగముక్కులా ముందుకు సాగిన మడ్‌గార్డు, అన్నీ మట్టి దారుల్లో కూడా పోగలిగేలా చేసిన అడ్వెంచర్ బైకువే. ఆ మడ్‌గార్డు కింద మాత్రం సన్నని 21 అంగుళాల చక్రం ఉండవలసిన చోట స్పోర్ట్స్ బైకుకుండే 17 అంగుళాల చక్రం, దాని మీద గడ్డలు లేని వెడల్పాటి రోడ్డు టైరు ఉంటాయి. ‘సెవెంటీన్లు వేయించాను’ అంటారు ఆ బైకు గలవారు. ‘సూపర్‌మోటో చేయించాను’ అనేవారూ ఉన్నారు. దీన్ని ఉత్త సోకుగా కొట్టిపారేసేవారికీ, తారు రోడ్డుకు ఇదే తగిన చక్రమని పట్టుబట్టేవారికీ మధ్య వాదన ఎప్పుడూ టైరు దగ్గరే ఆగిపోతోంది. ఈ మార్పు పుట్టిన నాటి నుంచీ చక్రం ఏనాడూ ఒంటరిగా మారలేదన్న సంగతి మాత్రం ఆ వాదనలో ఎవరికీ పట్టడం లేదు.

పెద్ద చక్రం మనకు కొత్త కాదు. బుల్లెట్‌కు ముందూ వెనకా 19 అంగుళాల చక్రాలుండేవి, ఆర్‌ఎక్స్ 100కు 18. గుంతలూ కంకరా నిండిన దారిలో చక్రం ఎంత పెద్దదైతే గుంత అంచును అంత ఏటవాలుగా ఎక్కి దాటుతుంది. ఎడ్లబండి చక్రం అంత ఎత్తుగా ఉండటానికి కారణం కూడా అదే. మట్టిలో తిరిగే బైకులకు ముందు చక్రం 21 అంగుళాలుగా స్థిరపడటం ఈ సూత్రం మీదనే జరిగింది. 1976లో వచ్చిన యమహా ఎక్స్‌టీ 500 ఆ కొలతతోనే వచ్చింది. 1979లో మొదటి పారిస్–డాకర్ ఎడారి పోటీని సిరిల్ నెవూ ఆ బైకు మీదనే గెలిచాడు. 1980లో బీఎండబ్ల్యూ తెచ్చిన ఆర్80 జీ/ఎస్ ముందు 21, వెనక 18 అంగుళాల చక్రాలతో వచ్చి, మరుసటి ఏడాది ఊబెర్ ఓరియోల్ చేతిలో డాకర్‌ను గెలిచింది. అడ్వెంచర్ బైకు అన్న తరగతికి మూలపురుషుడిగా ఈ జీ/ఎస్‌నే చెప్పుకుంటారు. అయితే ఎడారిలో గెలిచిన ఈ బైకులను కొన్నవారిలో అత్యధికులు వాటిని తారు రోడ్డు మీదనే నడిపారు. 1994లో ఆర్1100 జీఎస్ వచ్చేసరికి బీఎండబ్ల్యూయే ముందు చక్రాన్ని 19 అంగుళాలకు, వెనక చక్రాన్ని 17కు దించింది. అంటే అడ్వెంచర్ బైకు చక్రం చిన్నది కావడం మన ఆటోనగర్ల కంటే ముందు జర్మనీలో కంపెనీ చేతుల మీదుగానే మొదలయింది.

సూపర్‌మోటో కథ మరో వైపు నుంచి వచ్చింది. 1979లో అమెరికాలో ఏబీసీ టీవీ క్రీడా కార్యక్రమం కోసం గావిన్ ట్రిప్ అనే నిర్వాహకుడు, మోటోక్రాస్ (ఎగుడుదిగుడు మట్టి) రైడర్, ఫ్లాట్ ట్రాక్ (చదునైన మట్టి ట్రాక్) రైడర్, రోడ్ రేసర్ ముగ్గురిలో ఎవరు మేటి అన్న ప్రశ్నను తేల్చడానికి కాలిఫోర్నియాలోని కార్ల్స్‌బాడ్‌లో ‘సూపర్‌బైకర్స్’ అనే పోటీ పెట్టాడు. ట్రాక్‌లో కొంత తారు, కొంత మట్టి. మొదటి పోటీని మోటోక్రాస్ రైడర్ కెంట్ హోవర్టన్ గెలిచాడు. మట్టి బైకుకు రోడ్డు టైర్లు తొడిగి తారు మీద పక్కకు జార్చుతూ మలుపు తిప్పే విద్య అక్కడ పుట్టింది. 1985 తరువాత అమెరికాలో ఆ పోటీ ఆగిపోయినా, యూరప్ దాన్ని అందుకుంది. ఫ్రాన్స్‌లో ‘సూపర్‌మోటార్డ్’ పేరుతో ఊపందుకుని, 2002 నాటికి ప్రపంచ చాంపియన్‌షిప్‌గా ఎదిగింది. ఈలోగా రోడ్ రేసింగ్‌లో 17 అంగుళాల చక్రం, రేడియల్ టైరు (లోపలి పోగులు ఒక అంచు నుంచి మరో అంచుకు అడ్డంగా సాగే టైరు) ప్రమాణంగా నిలిచాయి. మంచి పట్టు గల టైర్లన్నీ ఆ కొలతలోనే తయారవుతున్నప్పుడు సూపర్‌మోటో మరో కొలత వెతుక్కోవలసిన అవసరం లేకపోయింది. 17 అన్న సంఖ్యలో వేరే మహిమ ఏమీ లేదు.

ఇక్కడ ఆగి చూడవలసిన సంగతి ఒకటుంది. కంపెనీలు ఒకే బైకును మట్టికీ తారుకూ రెండు రూపాల్లో అమ్మినప్పుడు ఏమేం మార్చాయి? సుజుకీ డీఆర్-జెడ్400ఎస్‌కు 2005లో ఎస్‌ఎమ్ రూపం వచ్చినప్పుడు 17 అంగుళాల చక్రాలతో పాటు ముందు ఫోర్కే మారింది, ముందు బ్రేకు డిస్కు 250 నుంచి 300 మిల్లీమీటర్లకు పెరిగింది. యమహా 2004లో ఎక్స్‌టీ660ను జంటగా విడుదల చేసింది: ఆర్‌కు 21 అంగుళాల ముందు చక్రం, 298 మిల్లీమీటర్ల డిస్కు, ఎక్స్‌కు 17 అంగుళాల చక్రం, 320 మిల్లీమీటర్ల డిస్కు. కేటీఎం 2003 నాటి 950 అడ్వెంచర్ ఇంజనును తీసుకుని 2005లో 950 సూపర్‌మోటో తయారు చేసినప్పుడు చక్రాలతో పాటు సస్పెన్షన్, బ్రేకులు కూడా మార్చింది. మన దేశంలో కూడా ఇలాంటి జంట ఒకటుంది. 2019 మే నెలలో హీరో ఎక్స్‌పల్స్ 200ను 21, 18 అంగుళాల చక్రాలతో, దాని పక్కనే ఎక్స్‌పల్స్ 200టీను రెండువైపులా 17 అంగుళాల అల్లాయ్ చక్రాలతో విడుదల చేసింది. 200టీ సస్పెన్షన్ కూడా పొట్టిదే. జనం ఎక్కువగా మొదటిదానినే ఇష్టపడ్డారు. రెండోదాన్ని షోరూములో వదిలేసి, మొదటిదాన్ని కొని రెండోదానిలా మార్పించుకునేవారిని చూస్తే నాకు కాస్త నవ్వు వస్తుంది.

మన దగ్గర ఈ మార్పు చేతికందే ఖర్చులోకి రావడానికి కారణం అడ్వెంచర్ బైకులు కావు, వాటికి ముందు వచ్చిన రోడ్డు బైకులు. 2008లో యమహా ఎఫ్‌జెడ్16 వెనక 140/60 (వెడల్పు 140 మిల్లీమీటర్లు, ఎత్తు అందులో 60 శాతం) రేడియల్ టైరుతో వచ్చి కుర్రకారుకు వెడల్పు టైరు రుచి చూపించింది. 2013లో కేటీఎం 390 డ్యూక్ 110/70, 150/60 కొలతలను తెచ్చింది. ఆ బైకుల పుణ్యమా అని 17 అంగుళాల కొలతలో స్వదేశీ, విదేశీ టైర్లు ప్రతి పెద్ద ఊరి టైర్ల దుకాణంలోకి వచ్చాయి. 2016లో రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్, 2020లో కేటీఎం 390 అడ్వెంచర్, 2023 చివర్లో కొత్త హిమాలయన్ 450 వచ్చేనాటికి వీటిలో వెనక చక్రం ఎలాగూ 17 అంగుళాలదే. ముందు చక్రం ఒక్కటి మారిస్తే పని అయిపోయినట్టే అన్న ఆలోచన అక్కడి నుంచే పుట్టింది.

చేసే పని పైకి సులువుగానే కనిపిస్తుంది. చక్రం నడిమి పాత హబ్బును, డిస్కును, బేరింగులను ఉంచి, 17 అంగుళాల రిమ్ము తెచ్చి, పొట్టి చువ్వలతో కొత్తగా అల్లించి, బెండు తీయిస్తారు. లేదంటే మరో బైకు అల్లాయ్ చక్రం తెచ్చి, ఇరుసుకు సరిపడే బుష్షులను గాజువాక ఆటోనగర్‌లోని లేతు మీద తీయించుకుంటారు. రిమ్ము వెడల్పు విషయంలో పొదుపు పనికిరాదు. 120/70 టైరుకు మూడున్నర అంగుళాల రిమ్ము కావాలి. సన్నని రిమ్ము మీద దాన్ని ఎక్కిస్తే టైరు నడిమి భాగం ఉబ్బి, మలుపులో పట్టు కోసం తెచ్చిన టైరే మలుపులో మోసం చేస్తుంది.

అసలు చిక్కు లెక్కలో ఉంది. 90/90-21 టైరు (చివరి సంఖ్య చక్రం కొలత, అంగుళాల్లో) మొత్తం వ్యాసం సుమారు 695 మిల్లీమీటర్లు. 120/70-17 వ్యాసం సుమారు 600. అంటే ముందు ఇరుసు దాదాపు 48 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. హ్యాండిల్ తిరిగే ఇరుసు రేఖను నేల దాకా పొడిగిస్తే అది తాకే బిందువుకూ, టైరు నేలను తాకే బిందువుకూ మధ్య దూరాన్ని ట్రెయిల్ అంటారు. బైకు తనంతట తాను నిటారుగా, తిన్నగా పోవడానికి ఆధారం అదే. ఫోర్కు వాలు 27 డిగ్రీలు అనుకుంటే, చక్రం చిన్నదైనందువల్లనే ట్రెయిల్ సుమారు 24 మిల్లీమీటర్లు తగ్గుతుంది. వెనక 140/80 టైరును అలాగే వదిలేస్తే బైకు ముందుకు ఒరిగి, ఫోర్కు వాలు ఇంచుమించు 2 డిగ్రీలు తగ్గి, మరో 10 మిల్లీమీటర్ల దాకా పోతాయి. 100 మిల్లీమీటర్లకు కాస్త పైన ఉండే ట్రెయిల్‌లో ఇది మూడో వంతు. సిరిపురం కూడలిలో చురుకుగా తిరిగే బైకు జాతీయ రహదారి మీద 100 దాటాక హ్యాండిల్ దగ్గర అదురుతోందంటే ముందు అనుమానించవలసింది బేరింగులను కాదు. వెనక 150/60 టైరు వేసి వెనక భాగాన్ని కూడా 22 మిల్లీమీటర్లు దించితే ఒరుగు సగానికి తగ్గుతుంది కనుక, వెనక చక్రం ఎలాగూ 17 కదా అన్న పొదుపు ఇక్కడ తప్పుడు పొదుపు. రెండూ దించాక సైడ్ స్టాండు పొడవెక్కువై బైకు నిటారుగా నిలబడి, గాలికే పడిపోయేట్టు ఉంటుంది. దాన్ని కోయించి అతికించుకోవాలి. ఇంత చేసినా 200 మిల్లీమీటర్లు ఆడే మెత్తని ఫోర్కు అలాగే ఉంటుంది. కొత్త టైరు పట్టు పెరిగిన కొద్దీ బ్రేకు గట్టిగా పడుతుంది, ఫోర్కు మరింత లోతుకు కుంగుతుంది, ఉన్న ట్రెయిల్ ఆ క్షణంలో ఇంకా తగ్గుతుంది. సుజుకీ ఫోర్కును ఎందుకు మార్చిందో అనంతగిరి ఘాట్ దిగేటప్పుడు తెలుస్తుంది.

125 సీసీ దాటిన బైకులన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి, బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ తప్పనిసరి కావడంతో మరో ముడి పడింది. 600 మిల్లీమీటర్ల చక్రం 695 మిల్లీమీటర్ల చక్రం కంటే అంతే దూరానికి 16 శాతం ఎక్కువ చుట్లు తిరుగుతుంది. వేగాన్ని ముందు చక్రం నుంచి చదివే బైకులో నిజంగా 60లో పోతున్నప్పుడు మీటరు 70కి చేరువగా చూపిస్తుంది. ముందు, వెనక చక్రాల వేగాలను పోల్చి చూసే ఏబీఎస్‌కు, వెనక చక్రం జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ యంత్రాంగానికి పాత నిష్పత్తే గుర్తుంటుంది. రెండు చక్రాలనూ దాదాపు ఒకే పాళ్లలో తగ్గించినప్పుడు ఇబ్బంది తక్కువ. ముందుది ఒక్కటే మార్చినప్పుడే ఎక్కువ.

ఇన్ని చెప్పినా, ఈ ఊళ్లో ఆ కోరికకు ఆధారం లేదని అనలేము. బీచ్ రోడ్డు, యారాడ కొండ దారి, సింహాచలం ఘాట్, శృంగవరపుకోట మీదుగా అరకు దాకా 115 కిలోమీటర్లు, అన్నీ తారే. గాలికొండ మలుపుల్లో 21 అంగుళాల సన్నని టైరు కంటే 17 అంగుళాల రేడియల్ టైరు ఎంతో నమ్మకంగా ఉంటుంది. ట్యూబు టైరు పంక్చరయి ఘాట్ మధ్యలో కూర్చున్నవారికి ట్యూబ్‌లెస్ అల్లాయ్ విలువ వేరే చెప్పనక్కరలేదు. చువ్వల చక్రానికి సముద్రపు గాలి కూడా శత్రువే; బీచ్ రోడ్డు పక్కన ఇల్లున్నవారి బైకుల్లో చువ్వలూ వాటిని రిమ్ముకు బిగించే నిపుళ్లూ తుప్పు పట్టి, బెండు తీయబోతే విరిగిపోతుంటాయి. అల్లించుకునేవారు స్టెయిన్‌లెస్ స్టీలు చువ్వలు అడగడం మంచిది. పాడేరు దాటి లోపలి గూడేల మట్టి దారుల్లోకి వానాకాలంలో వెళ్లే అలవాటున్నవారు మాత్రం ఈ పని జోలికి పోకపోవడమే మేలు.

చట్టం మాట చివరికి మిగిలింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఒక తీర్పులో దీన్నే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. ఆర్‌సీలో టైరు కొలత కనిపించదు కదా అన్న వాదన రైడర్లలో వినబడుతుంది. కానీ ఆ సెక్షన్ విడిభాగాలు తెచ్చి అమర్చడాన్ని కూడా పేరు పెట్టి చెప్పింది కనుక ఆ వాదనకు బలం తక్కువ. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ వేసే మొదటి ప్రశ్న కూడా ఇదే కావచ్చు. అందుకే సెవెంటీన్లు వేయించినవారు పాత 21 అంగుళాల చక్రాన్ని గోనెసంచిలో చుట్టి అటక మీద దాస్తారు. పదిహేనేళ్లకు రిజిస్ట్రేషన్ కొనసాగించుకునే రోజున అది అవసరం; అంతకు ముందే బైకు అమ్మబోతే, కొనడానికి వచ్చినవాడు ఇంజను శబ్దం వినక ముందే దాని సంగతి అడుగుతాడు.