గాలిగోపురం దగ్గర తెగిన బెల్టు

చిత్తూరు,
ఆదివారం

అమ్ములూ, చిన్నోడా,

దసరా సెలవులకు వచ్చినప్పుడు బీరువాలోంచి నా పాత బెల్టు తీసి, "తాతా, దీన్ని ఏ మిషన్‌తో కోశారు?" అని అడిగారు. అవ్వ అన్నానికి పిలిచేసరికి ఆ మాట అక్కడే ఆగిపోయింది. మిషనూ లేదు, గిషనూ లేదు. పెన్ను పట్టుకున్నట్టు పట్టుకునే చిన్న కత్తి, అంతే. సంక్రాంతికి మీ చేతే ఒకటి చేయిస్తాను. ఈలోపల ఇది చదువుకుని రండి.

తోలులో ఇలా కంతలు కోసి బొమ్మ తేల్చే పనిని ఫిలిగ్రీ అంటారు. అసలు ఫిలిగ్రీ వెండిది. కరీంనగర్‌లో సన్నటి వెండి తీగల్ని మెలిపెట్టి, అతికించి పళ్ళేలూ పెట్టెలూ చేస్తారు. తోలులో తీగలెక్కడివి? అందుకే మనది తిరగేసిన పని. తీగ కానిదంతా కోసి తీసేస్తాం, మిగిలిన తోలు తీగలా కనిపిస్తుంది. వెనక వేరే రంగు తోలు అతికిస్తే కంతల్లోంచి ఆ రంగు తొంగిచూస్తుంది. నిమ్మలకుంటలో తోలుబొమ్మలకు ఉలితో చిల్లులు కొడతారు కదా, ఇదీ అలాంటిదే. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ కూడా వచ్చింది. బొమ్మల వెనక దీపం ఉంటుంది. బెల్టు వెనక ఉండేది మన పొట్ట. అందుకే రంగు తోలు.

తోలు సంగతి కాస్త నిదానంగా చెప్పాలి. బ్యాగులకు వాడే మెత్తటి క్రోమ్ తోలు, అంటే క్రోమియం ఉప్పులతో పదును చేసినది, ఈ పనికి రాదు. దాని మీద గీసిన గీత నిలవదు, కోసిన అంచు నున్నగా రాదు. తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయ లాంటివాటితో పదును చేసిన తోలు కావాలి. తోళ్ళ పనికి పేరుపడ్డ రాణిపేట, ఆంబూరు మనకు దగ్గరే కాబట్టి ఆ టెన్షన్ లేదు. పై పొర రెండు మిల్లీమీటర్లు, లోపలి పొర ఒకటిన్నర చాలు.

ఒక్క జాగ్రత్త. ఇలాంటి తోలు తడిగా ఉన్నప్పుడు ఇనుప మేకు తగిలిందా, నల్లటి మచ్చ పడుతుంది, ఇక పోదు. కరక్కాయలోని వగరుకూ ఇనుముకూ పడితే పుట్టేది నలుపే. శ్రీకాళహస్తిలో కలంకారీ వాళ్ళు గుడ్డను ముందు కరక్కాయలో ముంచి, తుప్పు ఇనుమూ బెల్లమూ ఊరబెట్టిన నీళ్ళతో నల్ల గీతలు వేసేది ఈ కిటుకుతోనే. వాళ్ళకు వరం, మనకు మచ్చ!

స్పాంజితో తోలును తడపండి. ముదురు రంగుకు మారుతుంది. కాసేపటికి పాత రంగుకు తిరుగుతున్నట్టుంటుంది గానీ, చెంపకు ఆనిస్తే ఇంకా చల్లగా తగులుతుంది. అదే అదను. అప్పుడు బొమ్మ కాగితం పైన పెట్టి, మొద్దు మొనతో గీతలు దించాలి.

బొమ్మ గీసేటప్పుడే అసలు తెలివి కావాలి. అవ్వ వాకిట్లో వేసే ముగ్గులో ఒక పువ్వు విడిగా ఉన్నా ముగ్గు ముగ్గే. ఇక్కడ విడిగా ఉన్న పువ్వు కోసిన మరుక్షణం రాలి కింద పడుతుంది. ప్రతి ఆకూ పక్క ఆకునో అంచునో పట్టుకుని ఉండాలి. ఆ పట్టు మూడు మిల్లీమీటర్లకు తగ్గనివ్వకండి. రెండు అంచుల్లో కుట్టు కోసం అర సెంటీమీటరుకు పైగా కోయకుండా వదిలేయండి.

బకిల్ దగ్గర, కంతలుండే కొస దగ్గర కోతపని అసలే వద్దు. ఈ ముక్క నాకు ఎవరూ చెప్పలేదు. పెళ్ళయిన కొత్తలో బావమరిదికి ఒక బెల్టు చేసిచ్చాను. అందం కోసం లతను బకిల్ మడత దాకా పాకించాను, వెనక పొర కూడా అక్కడ వేయలేదు. అందరం అలిపిరి మెట్లెక్కుతున్నాం. గాలిగోపురం దగ్గర కూర్చుని లేచాడు, టప్! మూడువేల అయిదువందల యాభై మెట్లలో మిగిలినవన్నీ ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని ఎక్కాడు. ఇప్పటికీ పండగకు వస్తే "బావా, బెల్టులు చేస్తున్నావా?" అంటాడు. మీరు చూసింది ఆ తర్వాత చేసినది.

ఇక కోయడం. ఆకు మొన ఉన్న ప్రతిచోటా ముందు సన్న పంచ్‌తో గుండ్రటి కంత కొట్టండి. తోలు చీలేది మూలల దగ్గరే. మూల గుండ్రంగా ఉంటే లాగుడు ఒక్కచోట పడదు. తర్వాత కత్తి నిట్టనిలువుగా పెట్టి, ఒక్క వేటుకు కాకుండా రెండు మూడు సార్లుగా కోయాలి. వంపు వచ్చినప్పుడు చేతిని కాదు, తోలును తిప్పండి. నాలుగు కోతలకోసారి కత్తిని తోలుపట్టీ మీద పచ్చ పాలిష్ రాసి సాన పట్టాలి. మొద్దు కత్తికి బలం పెడతాం, బలం పెడితే జారుతుంది. నా ఎడమ బొటనవేలి మీద గీత చూశారుగా? మీ అమ్మకు మాత్రం కథ అదే అని చెప్పకండి, పంపదు.

కోసిన అంచులకు సన్న కుంచెతో రంగు వేయాలి. లోపలి పొరకు ముందే రంగు వేసి ఆరబెట్టాలి. జిగురు పలచగా పై పొరకే రాయాలి, లేకపోతే కంతల్లోంచి పొంగి కనిపిస్తుంది. ఆరెతో చిల్లులు పొడిచి, మైనం పట్టించిన ఒకే దారానికి రెండు కొసలా రెండు సూదులు పెట్టి కుట్టడం నేను దగ్గరుండి చూపిస్తాను. కుట్టు పొడవుకు నాలుగింతల దారం పడుతుంది.

వచ్చేముందు ఫోన్‌లో కొలతలు చెప్పండి. నడుముకు టేపు చుట్టి కాదు. ఇప్పుడు పెట్టుకునే బెల్టును బల్ల మీద పరిచి, బకిల్ ముల్లు మొదలు నుంచి రోజూ పెట్టుకునే కంత దాకా కొలవండి. చిన్నోడు ఎదిగే పిల్లోడు కాబట్టి వాడికి నేను రెండు కంతలు ఎక్కువ కొడతాను.

మీ
తాత