పులస, ఇలస, వెయ్యి బారల లోతు: లోతు సముద్రపు జీవులపై అపోహలు - వాస్తవాలు

ఎర్రనీరు దిగితే చాలు, మావాళ్లంతా నన్ను పట్టుకుంటారు. "చేపల డీఎన్‌ఏ చూస్తారట కదండీ, ఇది పులసో ఇలసో చెప్పేద్దురూ!" చెప్పలేనండి. చెప్పగలిగితే ఈపాటికి యానాం రేవులో కొట్టు పెట్టేసేవాణ్ణి. సముద్రంలో ఉన్నంతకాలం ఇలస, వరదకు ఎదురీది గుడ్లు పెట్టడానికి గోదాట్లోకి వస్తే పులస. జాతి ఒకటే. రుచిలో తేడా ఆ చేప చేసిన ప్రయాణంది, జన్యువులది కాదు.

నా పని ఇంతకన్నా చాలా లోతున బతికే జీవులతో. అక్కడ కథ తిరగబడుతుంది. చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి, జన్యువులు మాత్రం వేరు.

అపోహ: అడుగున అంతా ఒకటే చీకటి, ఒకటే చలి. జీవులూ ఒకటే.

చీకటి మాట నిజమే. కానీ ప్రతి 10 మీటర్లకూ, నేలమీద గాలి మనల్ని నొక్కేంత పీడనం ఒకటి చొప్పున పెరుగుతూ పోతుంది. 1,800 మీటర్ల దగ్గర అది పైనున్నదానికి సుమారు 180 రెట్లు. మన బంగాళాఖాతంలోనైతే పైనీళ్ల కింద కొన్ని వందల మీటర్ల మందాన ప్రాణవాయువు బాగా తగ్గిపోయిన పొర ఒకటి ఉంది. దాన్ని దాటి దిగితే మళ్లీ పెరుగుతుంది. అంటే ఒకే చోట వల దించినా, దారిలో నాలుగు రకాల లోకాలు తగులుతాయి.

ఈశాన్య అట్లాంటిక్‌లో గ్రెనేడియర్ అనే చేప ఉంది. తల లావు, తోక ఎలుక తోకలా సన్నం. 750, 1,000, 1,500, 1,800 మీటర్ల లోతుల్లో పట్టినవాటి జన్యుపటాలు పూర్తిగా చదివి, 2018లో ఫలితాలు ప్రచురించారు. 1,800 మీటర్లవి పైవాటికన్నా తేడాగా తేలాయి. తేడా ఏదో మూల కాదు, ప్రొటీన్ల నిర్మాణాన్ని మార్చేచోటే. పిల్లచేపలన్నీ ఇంచుమించు ఒకే లోతులో పెరిగి, ఎదిగాక ఎవరి జన్యువులకు తగ్గ లోతుకు అవి సర్దుకుంటాయట. నాకైతే ఈ రంగంలో ఇంతకన్నా అందమైన ఫలితం కనబడలేదు.

"మధ్యలో గోడా గట్టూ లేవు కదా, కలిసిపోవా?" అని అడుగుతారు. అట్లాంటిక్‌లోనే గోరంత కూడా లేని ఒక ఆల్చిప్పను చూశారు. దూరం వల్ల వచ్చే తేడాకన్నా లోతు వల్ల వచ్చే తేడా ఎక్కువ. సుమారు 3,000 మీటర్లకు పైనున్నవీ కిందున్నవీ వేర్వేరు కుదుళ్లు. అడ్డు గోడేమీ లేదు, వాలు మాత్రమే.

లార్వాలు, అంటే గుడ్డులోంచి వచ్చిన చిన్న పిల్లలు, నీటివాలున ఎక్కడికైనా కొట్టుకుపోతాయన్నదీ సగం నిజమే. అట్లాంటిక్ నడుమ ఉన్న సముద్రగర్భ పర్వతశ్రేణిలో వేడినీటి ఊటల దగ్గర ఉత్తరాన ఒక జాతి ఆల్చిప్పలు, దక్షిణాన మరో జాతి. రెండూ కలిసి సంకరమయ్యేది బ్రోకెన్ స్పర్ అనే ఊట దగ్గర. ఊటలంటే మన లంకల్లాంటివి. ఒకదాన్నుంచి ఇంకోదానికి పడవ దొరకాలి కదా!

ఇక నా తోటివాళ్లే నమ్మే అపోహ ఒకటుంది, జన్యువుల్లో తేడా కనబడితే అది అనుకూలనమేనని, అంటే ఆ చోట బతకడానికి తగ్గట్టు వచ్చిన మార్పేనని. లంక ఊళ్లు కొన్నింట్లో సగం గడపలకు ఒకటే ఇంటిపేరు. ఆ ఇంటిపేరున్నవాళ్లు వరదలో బాగా ఈదగలరనా? కాదు. మొదట వచ్చి దిగిన నాలుగు కుటుంబాల్లో ఒకరిది ఆ పేరు, అంతే. చిన్న గుంపుల్లో జన్యువులూ అలాగే, ఏ ఉపయోగమూ లేకుండా కేవలం అదృష్టం కొద్దీ పెరిగిపోతాయి. అనుకూలనం అనాలంటే ఒకదానికొకటి సంబంధంలేని చోట్ల కూడా లోతుతో పాటు అదే జన్యువు అదే వైపుకి మారాలి. లేదా ఆ ప్రొటీన్‌ని పీడనంలో పెట్టి పరీక్షించాలి. గ్రెనేడియర్ల చుట్టాల్లో మరీ అడుగున ఉండేవాటి కండరాల్లోని యాక్టిన్ అనే ప్రొటీన్‌తో ఈ పరీక్ష జరిగింది. ఒకటి రెండు అమైనో ఆమ్లాలు మారితేనే అది పీడనానికి తట్టుకుంటోంది. అదీ సాక్ష్యం అంటే.

"ముక్క ఉంటే చాలు, ల్యాబ్ అన్నీ చెప్పేస్తుంది." ఈ అపోహకి మూల్యం నేనే చెల్లించాను. కాకినాడ రేవులో ఒక మరబోటు సరంగుకి సీసాలిచ్చి, పడిన చేపల రెక్క ముక్కలు స్పిరిట్‌లో వేయమన్నాను. చెడిపోతాయేమోనని పాపం ఫార్మలిన్ పోశాడు. ముక్కలు రాళ్లలా గట్టిపడ్డాయి, డీఎన్‌ఏ పనికిరాకుండా పోయింది. రెండోసారి స్పిరిట్టే పోశాడు. కానీ ఏ లోతులో పడిందో రాయలేదు. "రాశానండీ, పెన్నుతో" అన్నాడు. స్పిరిట్‌లో సిరా కరిగి, చీటీలన్నీ నీలంగా మిగిలాయి.

ఇప్పుడు ప్రతి సీసాలో పెన్సిల్ చీటీ ఉంటోంది. దానిమీద ఆయన బారల్లో రాస్తాడు. నేను 1.83తో గుణించుకుని, పుస్తకంలో మీటర్లు ఎక్కించుకుంటాను.