మూత్రంలో రక్తం, స్కానింగులు: కొన్ని అపోహలు, వాస్తవాలు

గుంటూరు కొత్తపేటలో స్కాన్లు చూసే రేడియాలజిస్టుని. మూత్రంలో రక్తం అంటూ వచ్చేవాళ్లు చాలామంది అప్పటికే ఊళ్లో నలుగురి సలహాలూ పాటించేసి, ఆలస్యంగా వస్తారు.

అపోహ: వేడి చేసిందంతే.
వాస్తవం: మిర్చి యార్డులో రోజంతా ఎండలో పనిచేసి నీళ్లు తాగకపోతే మూత్రం ముదురు పసుపవుతుంది, మంట పుడుతుంది, రాళ్లూ రావచ్చు. ఎర్రగా వచ్చిందంటే మాత్రం కారణం వెతకాల్సిందే. "బార్లీ తాగితే ఆగిపోయిందండీ" అంటారు. మూత్రాశయంలో కణితి ఉన్నా రక్తం దానంతటదే ఆగి, నెలల తర్వాత మళ్లీ కనిపిస్తుంది, బార్లీ తాగినా తాగకపోయినా. నొప్పి లేకుండా ఎర్రగా వస్తే, అందులోనూ వయసు మళ్లి, చుట్టలో సిగరెట్లో కాల్చేవాళ్లయితే, ఒక్కసారి కనిపించినా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. (బీట్‌రూట్ తిన్నా, టీబీకి రిఫాంపిసిన్ వాడుతున్నా రంగు మారుతుంది. అందుకే ముందు మూత్ర పరీక్ష.)

అపోహ: అల్ట్రాసౌండ్ నార్మల్ వచ్చింది, ఇక టెన్షన్ లేదు.
వాస్తవం: కిడ్నీలు బాగానే కనిపిస్తాయి, కానీ కిడ్నీ నుంచి మూత్రాశయానికి వచ్చే మూత్రనాళం మధ్యభాగం పేగుల్లో గ్యాస్ వెనక దాక్కుంటుంది. మూత్రాశయం నిండకపోతే గోడలు ముడుచుకుని చిన్న కణితులు తప్పించుకుంటాయి, అందుకే నీళ్లు తాగి ఆపుకోమని మా వాళ్లు విసిగించేది. లోపల ఏదైనా కనిపిస్తే పక్కకి తిరిగి పడుకోమంటాం: రక్తపు గడ్డయితే సాధారణంగా జారుతుంది, కణితైతే గోడకే అంటుకుని ఉంటుంది, డాప్లర్‌లో (రక్తం పారడాన్ని చూపే అల్ట్రాసౌండ్) రక్తప్రసరణ కూడా కనిపించవచ్చు.

అపోహ: మొన్నే సీటీ తీశారు, మళ్లీ డబ్బు గుంజడానికే.
వాస్తవం: రాళ్ల కోసమైతే డై (స్కాన్‌లో స్పష్టంగా కనిపించడానికి రక్తనాళంలోకి ఎక్కించే మందు) లేని ప్లెయిన్ సీటీ చాలు, చిన్న రాయి కూడా దొరుకుతుంది. కణితి అనుమానం ఉంటే సీటీ యూరోగ్రామ్ కావాలి: ముందు డై లేకుండా, డై ఎక్కించాక సుమారు 100 సెకన్లకి కిడ్నీలు, ఇంకో 8-10 నిమిషాలు ఆగి డై మూత్రనాళాల్లోకి దిగాక మళ్లీ. రెండూ ఒకటే పరీక్ష కాదు.

డై కిడ్నీలు పాడుచేస్తుందా? క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) బాగుంటే ఆ ముప్పు చాలా తక్కువ, అది చూడకుండా డై ఎక్కించం. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతుంటే ముందే చెప్పండి.

"రక్తం పలచబడే మాత్రల వల్లేనండీ" అనేది ఇంకోటి. అవి వాడుతున్నా పరీక్షలన్నీ మామూలుగానే చేయాలి, మాత్రలు మాత్రం సొంతంగా ఆపొద్దు.

అపోహ: సీటీ క్లీన్‌గా ఉంది, సిస్టోస్కోపీ ఎందుకు?
వాస్తవం: మూత్రాశయం లోపలి పొర మీద పలచగా పాకే క్యాన్సర్ నా స్క్రీన్ మీద పడకపోవచ్చు, యూరాలజిస్టు సిస్టోస్కోపీ చేసి, అంటే సన్నని కెమెరాతో, లోపల చూడాల్సిందే. రక్తంతో పాటు మూత్రంలో ప్రొటీన్ కూడా పోతుంటే నెఫ్రాలజిస్టు (కిడ్నీ జబ్బుల డాక్టర్) దగ్గరికి వెళ్లాలి, అలాంటివాళ్లకి మా స్కాన్లన్నీ నార్మల్ వచ్చినా కిడ్నీ బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం) అవసరం పడొచ్చు.