వందేళ్ల వరద: ఆ వంద ఎక్కడి లెక్క?

బెజవాడను ముంచే బుడమేరు వాగు ఎంత వెడల్పు ఉండాలన్న వాదన మళ్లీ రాజుకుంది. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో ఏం జరిగిందో సింగ్ నగర్ వాళ్లకు, రాజరాజేశ్వరీపేట వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. వెలగలేరు లాకులు, బుడమేరు నీటిని కృష్ణలోకి పంపే మళ్లింపు కాలువ కట్టకు పడ్డ మూడు గండ్లు, మేడల మీద గడిపిన రాత్రులు అందరికీ గుర్తే. ఇప్పటి తగాదా మాత్రం ఒక్క మాట చుట్టూ తిరుగుతోంది. అది వందేళ్లకోసారి వచ్చే వరద అంటున్నారు. వచ్చి పోయింది కాబట్టి మన తరంలో మళ్లీ రాదని, దాని కోసం కాలువను వెడల్పు చేయడానికి అంత భూసేకరణ అక్కర్లేదని ఒక పక్షం వాదన. ఆ వంద అన్న అంకే పాతబడిందని రెండో పక్షం అంటోంది. ఆ అంకె ఎలా పుట్టిందో చూస్తే రెండో పక్షం మాటలో పస తెలుస్తుంది.

ముందుగా ఒక అపోహ తీసేయాలి. వందేళ్ల వరద అంటే ఏ ఏడాదైనా రావడానికి వందలో ఒక వంతు అవకాశం ఉన్న వరద అని మాత్రమే అర్థం. నిరుడు వచ్చిందా లేదా అన్నదానితో ఈ ఏటి అవకాశానికి సంబంధం లేదు. 30 ఏళ్ల గృహరుణం తీసుకున్నవాడు, ఆ అప్పు తీరేలోపు అలాంటి వరద ఒక్కసారైనా చూసే అవకాశం 26 శాతం. ఒక ఏడాది తప్పించుకునే అవకాశం 0.99. 30 ఏళ్లకు 30 సార్లు 0.99 వేసి ఒకదానితో ఒకటి హెచ్చించి, వచ్చినదాన్ని 1 లోంచి తీసేస్తే వచ్చేది ఇదే. 70 ఏళ్ల జీవితకాలానికి అది సగం దాటుతుంది.

ఆ వందలో ఒక వంతును లెక్కగట్టే పద్ధతి 1940ల్లో గణితవేత్త ఎమిల్ గంబెల్ స్థిరపరిచినది. ఒక్కో ఏడాదిలో అన్నిటికన్నా పెద్ద ఒకరోజు వానను ఏరి, ఆ వరుసకు ఒక వక్రరేఖ అమర్చి, దాన్ని ముందుకు పొడిగిస్తారు. లెక్క తీరు చూపడానికి కొన్ని అంకెలు తీసుకుందాం (ఇవి బెజవాడ రికార్డు కాదు). రేఖ ఎక్కడ నిలబడిందో చెప్పే అంకె 90 మిల్లీమీటర్లు, ఎంత పరుచుకుందో చెప్పే అంకె 30 మిల్లీమీటర్లు అనుకోండి. వందేళ్లకు ఈ పద్ధతి ఇచ్చే గుణకం 4.6. కాబట్టి వందేళ్ల వాన అంటే 90 కి 30 × 4.6 కలపాలి, మొత్తం 228 మిల్లీమీటర్లు. చేతిలో ఉన్నది 30 ఏళ్ల రికార్డే అయితే ఈ 228 కి అటూ ఇటూ 43 మిల్లీమీటర్ల దాకా తేడా రావచ్చు. డిజైను కాగితం మీదికి వచ్చేసరికి ఆ 43 మాయమై 228 ఒక్కటే మిగులుతుంది. పైగా మన వర్షమాపకాల్లో రోజు అంటే ఉదయం 8:30 నుంచి మర్నాడు 8:30 దాకా. తెల్లవారుజామున మొదలై మధ్యాహ్నం దాకా కురిసిన వాన రెండు రోజుల ఖాతాల్లోకి చీలిపోతుంది. అందుకే ఒకరోజు అంకెను అసలైన 24 గంటల వానగా మార్చడానికి సుమారు 1.13 తో హెచ్చించాలి. ఇది మరిచిపోతే కాలువ మొదట్లోనే ఇరుకవుతుంది.

అయినా ఇవన్నీ చిన్న తప్పులు. పెద్ద మలుపు 2006 డిసెంబరులో వచ్చింది. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థకు చెందిన బి.ఎన్. గోస్వామి బృందం 1951 నుంచి 2000 దాకా మధ్య భారత వానలను 'సైన్స్' పత్రికలో విశ్లేషించింది. ఒక్కో ఊరి వర్షమాపకంలో ధోరణి కనపడదు, హెచ్చుతగ్గులే దాన్ని మింగేస్తాయి. అందుకని పటాన్ని అక్షాంశ రేఖాంశాల్లో ఒక్కో డిగ్రీ గడులుగా విడగొట్టి, వాటన్నిటినీ కలిపి, రోజుకు 100 మిల్లీమీటర్లు దాటిన సందర్భాలను లెక్కపెట్టారు. మొత్తం వాన సగటు కదల్లేదు. భారీ వానలు పెరిగాయి, ఓ మోస్తరు వానలు తగ్గాయి, ఒకదానికొకటి సరిపోయింది. వాళ్లు తీసుకున్న ప్రాంతానికి దక్షిణపు హద్దు 16.5 డిగ్రీల అక్షాంశం. బెజవాడ దాదాపు ఆ గీత మీదే ఉంది. సగటు వర్షపాతం మారలేదు కదా అని ఇప్పటికీ వాదించేవాళ్లకు జవాబు ఆ పేజీల్లోనే ఉంది. వరద తెచ్చేది సగటు కాదు, రేఖ చివరి తోక, అంటే అరుదుగా వచ్చే అతి పెద్ద వానలు. 2008లో ఏడుగురు శాస్త్రవేత్తలు అదే పత్రికలో ఇంకో అడుగు వేశారు. గతం ఎలా ఉందో భవిష్యత్తూ అలాగే ఉంటుందన్న ఊహకు కాలం చెల్లిందని, నీటి నిర్మాణాల లెక్కలన్నీ ఆ ఊహ మీదే నిలిచాయని రాశారు.

మార్పు ఎంత? గాలి ఒక డిగ్రీ వేడెక్కితే పట్టగలిగే ఆవిరి 7 శాతం దాకా పెరుగుతుంది. మన ఉదాహరణలో 90 నీ 30 నీ 7 శాతం పెంచి చూడండి. అదే 228 మిల్లీమీటర్ల వాన వందేళ్లకు కాదు, 61 ఏళ్లకోసారి వస్తుంది. 14 శాతం పెంచితే 40 ఏళ్లకోసారి. రేఖలో చిన్న జరుగుడే తోక దగ్గర ఇంత అవుతుంది. గణితం ఈ మొత్తం వ్యవహారంలో చెప్పే ముఖ్యమైన సంగతి ఇదేనని నా నమ్మకం.

బుడమేరు 2005లోనూ బెజవాడను ముంచింది. ఆ రెండూ నిజంగా వందేళ్ల వరదలే అయితే, 20 ఏళ్లలో అలాంటివి రెండు వచ్చే అవకాశం 1.7 శాతం. 40 ఏళ్ల వరదలైతే దాదాపు 9 శాతం. రెండు వరదలతో ఏదీ రుజువు కాదు. కానీ వంద అన్న పేరు మీద అనుమానం రావడానికి ఇది చాలు.

ఆక్రమణలే కారణం, వాతావరణం సాకు అనేవాళ్లూ ఉన్నారు. వాళ్ల మాటలో నిజముంది. 100 హెక్టార్ల మీద గంటకు 50 మిల్లీమీటర్ల వాన పడిందనుకుందాం. పడిన నీటిలో 0.4 వంతు పారే పొలమైతే వచ్చే ప్రవాహం సుమారు 196 క్యూసెక్కులు. అక్కడే కాంక్రీటు పరుచుకుని ఆ వంతు 0.8 అయితే 392. అయితే ఈ గుణకం వాన అంకెను హెచ్చిస్తుంది, దాని బదులు నిలబడదు. రెండూ పెరుగుతున్నప్పుడు ఒకదాన్ని చూపించి రెండోదాన్ని కొట్టేయడం కుదరదు.

భవిష్యత్తు వానను కంప్యూటర్లో నడిపే వాతావరణ నమూనాల నుంచి నేరుగా ఎత్తుకుని వాడటమూ కుదరదు. వాటిలో చాలావాటి గడి సుమారు 100 కిలోమీటర్లు. బెజవాడ, మంగళగిరి, గుంటూరు, తెనాలి ఒకే గడిలో పట్టేస్తాయి, బుడమేరు పరీవాహకం అందులో ఒక మూల. గడి మొత్తానికి వచ్చే సగటు వానలో కుండపోత పలచబడిపోతుంది. అందుకే నమూనా నుంచి అంకెను కాక మార్పు నిష్పత్తిని తీసుకుని, స్థానిక వర్షమాపకాల వరుసకు అన్వయించాలి. ఒక్క నమూనాను నమ్మకుండా పదీ పదిహేను చూసి, ఫలితాలు ఎంత మేర పరుచుకున్నాయో ఆ మేరంతా డిజైనులో రాయాలి.

ఎవరూ గట్టిగా అడగని ప్రశ్న ఒకటి మిగిలింది. మళ్లింపు కాలువ నీళ్లు ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుస్తాయి. 2024లో ఆ రోజుల్లోనే బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు నమోదయ్యాయి. నది మట్టం అంత లేచినప్పుడు కాలువ ఎంత వెడల్పున్నా నీరు వెనక్కి తంతుంది. బుడమేరుకు 50 ఏళ్ల వరద, కృష్ణకు 50 ఏళ్ల వరద, రెండూ వేర్వేరు అనుకుంటే ఒకే ఏడాది రెండూ రావడం 2,500 ఏళ్లకోసారి. కానీ ఒకే వాయుగుండం రెంటి మీదా కురుస్తుంది కాబట్టి ఆ హెచ్చింపు చెల్లదు. రెండూ పూర్తిగా కలిసి నడిస్తే అది 50 ఏళ్లకోసారే. అసలు అంకె ఈ రెంటికీ మధ్య ఎక్కడో ఉంటుంది. అది తేలాలంటే రెండు చోట్ల రికార్డులనూ తేదీల వారీగా పక్కపక్కన పెట్టి ఉమ్మడిగా రేఖ అమర్చాలి. విస్తరణ డిజైనులో వానల వరుస ఏ ఏటి నుంచి ఏ ఏటి దాకా తీసుకున్నారో, సంగమం దగ్గర కృష్ణ మట్టం ఎన్ని అడుగులనుకున్నారో ముంపు కాలనీల వాళ్లు అడగాలి. టెండరు పిలవకముందే అడగాలి.