లోపలికే మళ్ళే బాణం

ఏలికపాములకు మందు వేయకపోతే అవి ఎప్పటికీ కడుపులోనే ఉండిపోతాయా అని ఒక పాఠకురాలు అడిగారు. ఏలికపాము ఆయుస్సు ఏడాది, మహా అయితే రెండేళ్ళు. దాని గుడ్లు కొన్ని వారాలు బయటి మట్టిలో పక్వం కావాలి కనుక, అటువంటి మట్టి మళ్ళీ నోట్లోకి చేరకపోతే ఆ సంతతి అక్కడితో ఆగిపోతుంది. అయితే ఈ నియమానికి లొంగని పురుగు ఒకటుంది. అది ఒక మనిషి ఒంట్లో ఎంతకాలం ఉండిపోగలదో వైద్యులకు తెలిసింది యుద్ధఖైదీల వల్ల.

1942-43లో జపాన్ సైన్యం థాయిలాండ్ నుంచి బర్మాకు 415 కిలోమీటర్ల రైలుమార్గాన్ని 60 వేలకు పైగా మిత్రరాజ్యాల ఖైదీల చేత, అంతకంటే ఎక్కువమంది ఆసియా కూలీల చేత వేయించింది. మలయా రబ్బరు తోటల నుంచి తరలించిన తమిళులూ, తెలుగువారూ ఆ కూలీలలో ఉన్నారు. బూట్లు కుళ్ళిపోయి, గోచీ తప్ప మరో బట్ట లేని మనుషులు, వానలకు మరుగుదొడ్ల గోతులు పొంగి పారిన బురదలో వట్టి కాళ్ళతో నడిచారు.

ఆ బురదలో ఉన్నది స్ట్రాంగిలాయిడిస్ స్టెర్కోరాలిస్ అనే ఈ పురుగే. దాని పిల్లపురుగు పాదాల చర్మాన్ని తొలుచుకుని రక్తంలోకి, అక్కడి నుంచి ఊపిరితిత్తులలోకి చేరి, గొంతులోకి ఎగబాకి, మింగుడుపడి చిన్నపేగుకు వస్తుంది. అక్కడ రెండు మిల్లీమీటర్ల ఆడపురుగు మగదానితో పని లేకుండానే గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు పేగులోనే పొదుగుతాయి. పిల్లలలో అధికభాగం మలంతో బయటికి పోతాయి. కొన్ని మాత్రం పోవు. మట్టిలో రావలసిన మార్పు వాటికి పెద్దపేగులోనే వచ్చేస్తుంది, అవి పేగు గోడనో మలద్వారం పక్కనున్న చర్మాన్నో తొలుచుకుని మళ్ళీ అదే మనిషి రక్తంలో ప్రవేశిస్తాయి. పాఠ్యపుస్తకాలలోని జీవితచక్రపు బొమ్మల్లో మనిషి నుంచి మట్టికి ఒక బాణం ఉంటుంది. ఇక్కడ ఆ బాణం లోపలికే మళ్ళుతుంది. తల్లి చనిపోయేసరికి కూతురు సిద్ధంగా ఉంటుంది, కూతురి తరువాత మనుమరాలు, ఇలా తరాలు గడుస్తూనే ఉంటాయి.

1968 నుంచి 2002 వరకు లివర్‌పూల్ ఉష్ణమండల వైద్య విద్యాలయంలో పరీక్షించిన 2,072 మంది మాజీ బ్రిటిష్ ఖైదీలలో నూటికి 12 మందికి ఈ పురుగు ఉన్నట్లు తేలింది. వారిలో చాలామందికి నడుము మీదనో పిరుదుల మీదనో దారంలాంటి ఎర్రని దద్దు లేచి, గంటకు ఐదు నుంచి పది సెంటీమీటర్లు జరిగి, కొన్ని గంటలలో మాయమయ్యేది. డాక్టరు దగ్గరికి చేరేసరికి చూపించడానికి ఏమీ మిగిలేది కాదు. రోజుకు కొద్ది పిల్లపురుగులే మలంలో పడతాయి కనుక ఒక్క పరీక్షలో దొరకకపోవడమూ మామూలే.

దశాబ్దాల పాటు ఒంట్లోని ఈ పురుగుల సంఖ్యను అదుపులో ఉంచేది శరీరపు రోగనిరోధక శక్తి. ఉబ్బసానికో కీళ్ళనొప్పులకో స్టెరాయిడ్లు ఇచ్చి ఆ శక్తిని అణచివేస్తే, లోపలికి మళ్ళే పిల్లలు కొన్ని కాస్తా వేలవుతాయి, పేగులోని బాక్టీరియాను వెంటబెట్టుకుని ఊపిరితిత్తులకూ మెదడుకూ పాకుతాయి. చాలాసార్లు రోగి బతకడు. ఈ పురుగును చంపే ఐవర్‌మెక్టిన్ మాత్రలు ముందే పడితే ఆ ప్రమాదం తప్పుతుంది. అందుచేత చిన్నతనమంతా వట్టి కాళ్ళతో వరిమళ్ళలో తిరిగిన పెద్దాయనకు స్టెరాయిడ్ రాసే ముందు, ఆ తిరిగిన సంగతి డాక్టరు అడగాలి; అడగకపోతే ఇంట్లోవారే చెప్పాలి.