గంజు అడుగున అంటుకున్న పోస్టర్

హైదరాబాద్,
ఆషాఢ మాసం

ప్రియమైన పిల్లలకు,

బోనాల మర్నాడు మీలో ఒకరు అడిగారు: "తాతయ్యా, బోనానికి పాలు పోసి వండిన బెల్లం అన్నం అడుగంటి గంజు, అదే వండిన గిన్నె, మాడిపోయింది. అమ్మ సబ్బు పెట్టి ఎంత తోమినా నలుపు పోవట్లేదు. నూనె జిడ్డును ఇట్టే వదలగొట్టే సబ్బుకు మాడు ఎందుకు లొంగదు?"

మంచి ప్రశ్న. పెద్దవాళ్లు చాలామంది ఈ ప్రశ్న వేసుకోకుండానే స్టీలు పీచు అందుకుంటారు.

మన ఊళ్లో గోడల మీద సినిమా పోస్టర్లు చూస్తూనే ఉంటారు కదా. మైదా ఉడికించిన జిగురుతో అంటిస్తారు. బాగా ఎండిన పోస్టర్‌ను గోటితో గీకితే చిన్న ముక్క చిరిగి వస్తుంది, మిగతాదంతా గోడనే పట్టుకుని ఉంటుంది. అదే పోస్టర్‌ను ఒక రాత్రి వాన పడ్డాక చూడండి. అంచు దానంతటదే లేచి ఉంటుంది. పట్టుకుని లాగితే తలకాయంత ముక్క ఒక్కసారిగా ఊడొస్తుంది. వాన కాగితాన్ని కరిగించలేదు, జిగురును నానబెట్టింది, అంతే.

మాడూ అలాంటిదే. అందులోని నలుపు బొగ్గు. బొగ్గును సబ్బు కరిగించలేదు, నిమ్మరసం కరిగించలేదు, సోడా కూడా కరిగించలేదు. కానీ ఆ బొగ్గు నలుసులను పట్టి ఉంచే జిగురు ఒకటుంది. ఇంకా పూర్తిగా బొగ్గు కాని పిండి, పాలు, బెల్లం కలిసి ఆ జిగురు. మాడు పెళ్ల ఒకటి ఊడినప్పుడు పారేయకుండా తిప్పి చూడండి. గిన్నెను అంటుకున్న వైపు నల్లగా, నున్నగా మెరుస్తుంది. అన్నం వైపు గోధుమరంగులో ఉంటుంది, మెతుకుల ఆకారం కూడా ఇంకా పోదు. మన పని ఆ గోధుమరంగుతో. అది మెత్తబడితే నలుపు దాని వెంటే వస్తుంది.

పోస్టర్ ఊడాలంటే ముందు జిగురేదో తెలియాలి. ఉత్త అన్నం మాడితే జిగురు గంజి. వేడినీళ్లు పోసి రెండు గంటలు వదిలేస్తే చాలు, ఉబ్బి వదిలేస్తుంది. బెల్లం పాకమైతే ఇంకా తేలిక. నీళ్లు పోసి మరిగిస్తే కరిగిపోతుంది, మరీ బొగ్గయిపోతే తప్ప. పాలది మొండి జిగురు. కాగేటప్పుడు పాలలోని మాంసకృత్తులు గిన్నె అడుగును అంటుకుని గట్టిపడతాయి. పాలు పోసేముందు గిన్నెను నీళ్లతో తడిపే అలవాటు చాలా ఇళ్లలో ఉన్నది అందుకే. మీ బోనం గంజులో ఈ మూడు జిగుర్లూ కలిశాయి, మరి సబ్బుకేం లొంగుతుంది!

ఇప్పుడు స్టీలు గిన్నె సంగతి. పొయ్యి మీద నుంచి దించిన వెంటనే చన్నీళ్లు గుమ్మరించకండి. స్టీలు గిన్నెల అడుగున మధ్యలో అల్యూమినియం పలక పెట్టినవి చాలా ఉంటాయి. వేడికీ చలికీ స్టీలు కంటే అల్యూమినియం ఎక్కువ సాగి, ఎక్కువ ముడుచుకుంటుంది. ఉన్నట్టుండి చల్లబడితే అడుగు వంకరపోతుంది, ఆపైన స్టవ్ మీద గిన్నె ఊగుతూనే ఉంటుంది. చల్లారనివ్వండి. వచ్చినంత అన్నం చెక్క గరిటెతో తీసేయండి. మాడు మీద రెండు వేళ్ల ఎత్తున చన్నీళ్లు పోసి, లీటరు నీళ్లకు రెండు పెద్ద చెంచాలు, అంటే సుమారు 30 గ్రాముల తినే సోడా కలపండి. సోడా చన్నీళ్లలోనే వేయాలి. మరిగే నీళ్లలో వేస్తే ఒక్కసారిగా పొంగి చేతి మీద పడుతుంది. గిన్నె సగానికి మించి నిండకూడదు. సన్నని మంట మీద 15 నిమిషాలు మరిగించి, ఆపేసి, మూతపెట్టి గంటసేపు దాని జోలికి వెళ్లకండి.

అందరూ తప్పేది ఈ గంట దగ్గరే. పది నిమిషాలకే పీచు పట్టుకుంటారు. వాన ఇంకా కాగితం దాటి లోపలికి దిగకముందే పోస్టర్ పీకడం లాంటిది అది. గంట తర్వాత చెక్క గరిటెను పడుకోబెట్టి అంచు నుంచి మధ్యకు తోయండి. సగం వస్తుంది. మిగిలినదానికి ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లు, కొత్త సోడాతో ఇంకోసారి. అప్పటికీ అక్కడక్కడా మచ్చలుంటే మూడు వంతుల సోడాకు ఒక వంతు నీళ్లు కలిపి, దోసెపిండి కంటే చిక్కగా, మచ్చల మీద పట్టించి రాత్రంతా ఉంచండి. పొద్దున తడిగుడ్డతో రుద్దితే చాలు.

ఇనుప తీగ పీచుతో బరబరా గీకితే ఆ పూట గిన్నె శుభ్రమైనట్టే ఉంటుంది. కానీ పడ్డ గీతల్లో మర్నాడు పాలు దూరి, ముందుకంటే తొందరగా అంటుకుంటాయి. గరుకు గోడకు పోస్టర్ గట్టిగా పడుతుందని అంటించేవాళ్లకు బాగా తెలుసు.

సోడా, వెనిగర్ కలిపి బుసబుస పొంగించే వీడియోలు మీరూ చూసే ఉంటారు. పొంగు చూడముచ్చటగా ఉంటుంది, కానీ ఆ రెండూ ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. పొంగు అణిగాక గిన్నెలో మిగిలేది ఇంచుమించు ఉప్పునీళ్ల లాంటిదే. ముందు సోడా, దాని పని అయ్యాక కడిగేసి, అప్పుడు పులుపు. పులుపు అవసరం ఎందుకంటే, బోరు నీళ్లతో సోడా మరిగిస్తే నీళ్లలోని సున్నం విడిపోయి గిన్నెకు తెల్లటి పొరలా పడుతుంది. కుళాయిలో వచ్చే మంజీరా నది నీళ్లతో అంత కనిపించదు. పిండేసిన నిమ్మచెక్కతో రుద్దితే ఆ తెలుపు పోతుంది, స్టీలు మీద పడిన నీలం, ఊదా రంగు మరకలూ పోతాయి.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. బ్లీచింగ్ పౌడర్‌ను వెనిగర్‌తో గానీ నిమ్మరసంతో గానీ ఎప్పుడూ కలపకండి. క్లోరిన్ వాయువు పుడుతుంది, ఊపిరితిత్తులను కాల్చేస్తుంది. బాత్రూం కడిగే యాసిడ్‌ను వంట గిన్నెల దరిదాపులకు కూడా రానివ్వకండి.

ఇక గోడ మారితే వైద్యం మారుతుంది. అల్యూమినియం కుక్కర్‌కు సోడా పనికిరాదు, లోహాన్నే తినేసి నల్లబరుస్తుంది. దానికి చింతపండు. నిమ్మకాయంత చింతపండును లీటరు నీళ్లలో వేసి పావుగంట మరిగిస్తే లోపలి నలుపు పోయి వెండిలా తేలుతుంది. అయితే ఆ పులుపును రాత్రంతా ఉంచకూడదు, గుంటలు పడతాయి. మరిగించేటప్పుడు మూత బిగించొద్దు. మూతను విడిగా, రబ్బరు తీసి కడగండి. విజిల్ కింది రంధ్రంలోంచి వెలుతురు కనపడుతోందో లేదో చూడండి. ముదురు బూడిదరంగు పూత ఉన్న అల్యూమినియం కడాయిలకు సోడా వద్దు, చింతపండు వద్దు. సబ్బునీళ్లు, ఓపిక, అంతే. నాన్‌స్టిక్ పెనం మీద వేడినీళ్లు, మెత్తటి స్పాంజి తప్ప ఇంకేమీ పెట్టకండి, ఖాళీగా మంట మీద వదలకండి. 260 డిగ్రీలు దాటితే ఆ పూత చెడిపోవడం మొదలవుతుంది.

ఇనుప పెనాన్ని నానబెడితే తుప్పు పడుతుంది. దాన్ని గోరువెచ్చగా చేసి గుప్పెడు దొడ్డుప్పు, చెంచా నూనె వేసి గుడ్డతో రుద్ది, కడిగిన వెంటనే మంట మీద తడి ఆర్చి, పల్చగా నూనె రాయాలి. మట్టికుండ సబ్బును పీల్చుకుంటుంది, వేడినీళ్లు, కొబ్బరిపీచుతో సరిపెట్టి ఎండలో బోర్లించండి.

బోనం ఎత్తిన ఇత్తడి బిందె బయట చింతపండు, ఉప్పు కలిపి రుద్దితే మెరుస్తుంది. వంటకు వాడే ఇత్తడి గిన్నె లోపల మాత్రం చూసి రుద్దాలి. అక్కడున్న తెల్లటి పూత తగరం, దాన్నే కలాయి అంటారు. గిన్నెను వేడిచేసి, నవసాగరం అనే తెల్లటి లవణం చల్లి, తగరం కరిగించి దూదితో లోపలంతా తిప్పుతారు. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి ఖాళీ గిన్నె పొయ్యి మీద ఉంచితే పూత కారిపోతుంది. స్టీలు పీచుతో గీకితే ఇత్తడి బయటపడి, అందులో చారు కాచుకోవడానికి పనికిరాకుండా పోతుంది.

కడాయి బయట అంచుల కింద గోధుమరంగులో, గోరు దిగనంత గట్టిగా పట్టే నూనె జిడ్డు చూశారా? దానికి నా పోస్టర్ పోలిక అతకదు. అది గోడకు వేసిన ఆయిల్ పెయింటే. నూనె వేడికి గట్టిపడి వార్నిష్‌లా మారుతుంది. స్టీలు కడాయి అయితే సోడా ముద్దలో గిన్నెలు తోమే సబ్బు కొంచెం కలిపి పట్టించి, రాత్రంతా ఉంచి, రెండు మూడు రోజులు అలాగే చేయాలి. ఒక్కరోజులో రాదు.

వెనకటి పెరటి ఇళ్లలో సోడా పొట్లం లేకుండానే ఇదంతా జరిగేది. కట్టెల పొయ్యిలోని బూడిదలో సోడా లాంటి క్షారం ఉంటుంది. జిడ్డు గిన్నెలో బూడిద వేసి కొబ్బరిపీచుతో రుద్దితే ఆ క్షారం నూనెతో కలిసి అక్కడికక్కడే కాస్త సబ్బవుతుంది. ఇంకా తెలివైన పని ఒకటుంది. గిన్నెను పొయ్యి ఎక్కించే ముందే బయటివైపు తడిమట్టి పూసేవాళ్లు. మసి మట్టికి పట్టేది, మట్టి నీళ్లకు పోయేది. పోస్టర్ అంటించకముందే గోడకు ఇంకో కాగితం కప్పినట్టు!

మాడిన గిన్నెను సింకులో పడేసి "పనమ్మ వచ్చాక తోముతుందిలే" అనుకోకండి. ఆమెకు ఇంకో నాలుగిళ్లు ఉంటాయి, గంటసేపు నానబెట్టే తీరిక ఉండదు, చేతులు నొప్పెట్టేలా గీకాల్సి వస్తుంది. రాత్రే మీరు సోడా నీళ్లు పోసి పెడితే పొద్దున ఆమెకు రెండు నిమిషాల పని.

ఈసారి గంజు సోడాతో మరుగుతున్నప్పుడు అమ్మను పక్కన ఉండమని, ఆవిరి తగలనంత దూరంలో నిలబడి చూడండి. నీళ్లు ముందు పల్చటి టీ రంగుకు వస్తాయి, తర్వాత డికాషన్ రంగుకు. మాడు నడిమిభాగాన్ని కాదు, అంచునే చూడండి. ఒకచోట సన్నగా పగులుతుంది, ఆ సందులో ఒక బుడగ దూరుతుంది, పెళ్ల చిన్నగా వణుకుతుంది. ఎన్ని బుడగలు దూరాక అది లేచిందో లెక్కపెట్టి నాకు రాయండి.

మీ
తాతయ్య